ఇంటిపేరు, కులసూచక పదం (నెల్లూరు ప్రాంతం)

తెలుగువారి పేరులో సాధారణంగా వంశాన్ని తెలిపే ఇంటిపేరు ముందు, కులాన్ని సూచించే రెడ్డి, నాయుడు, శెట్టి వంటి పదం చివర వస్తాయి. ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్లు, వృత్తులు, పూర్వీకుల పేర్ల నుంచి పుట్టాయి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉండవచ్చు కనుక దానితోనే కులం తేలదు. ఇందుకు భిన్నంగా పంజాబీ ఖత్రీలలో కపూర్, ఖన్నా వంటి వంశనామాలు పేరు చివరనే ఉండి సముదాయాన్నీ సూచిస్తాయి.

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి నుంచి 1978, 1983 శాసనసభ ఎన్నికల్లో గెలిచిన ముప్పవరపు వెంకయ్య నాయుడు, ఆత్మకూరు నుంచి 2014, 2019లలో గెలిచిన మేకపాటి గౌతమ్ రెడ్డి పేర్లు ఈ క్రమానికి ఉదాహరణలు. 1913లో అలగానిపాడులో జన్మించిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోని ‘రెడ్డి’ని వదిలి ఇంటిపేరును నిలుపుకొన్నారు. ఒకే ఇంటిపేరున్న స్వకులస్థులను దాయాదులుగా ఎంచి, వారి మధ్య వివాహ సంబంధం కలుపుకోకపోవడం సాధారణ ఆచారం.