చావు జరిగిన చోట సెల్‌ఫోన్: మొదటి గంటల్లో ఏం నమోదు చేయాలి?

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఏ సమయంలో, ఏ చోట, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది.

ఆనాటికి దేశంలో సెల్‌ఫోన్లు లేవు. ఇవాళ ప్రతి దళితవాడలోనూ ఉన్నాయి. ఫోన్ ఉండి ఉంటే ఆ తీర్పు మారేదని ఎవరూ చెప్పలేరు. కానీ కోర్టు అడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి, అంటే సమయానికీ చోటుకీ, జవాబును ఫోన్ తనంతట తానే రాసుకుంటుంది. ఆ రాతను కోర్టు దాకా చెక్కుచెదరకుండా ఎలా చేర్చాలన్నదే కార్యకర్తలు, విద్యార్థులు నేర్చుకోవలసిన పని.

ముందు ప్రాణం

ఊపిరి ఉందేమో చూడండి. 108కి, 112కి ఫోన్ చేయండి. సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో మనిషి పడిపోతే కాపాడడానికి మీరు దిగకండి. లోపలి విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. ఒకరిని తీయబోయి మరొకరు చనిపోవడం ఈ మరణాల్లో తరచూ జరిగేదే. మనిషి చనిపోయాడని తేలాక శవాన్ని, తాడు ముడిని, చెప్పులను, సీసాలను ఎవరూ ముట్టుకోకుండా చూడండి. నేల కడగనివ్వకండి.

ఏం తీయాలి

మొదట ఆపకుండా ఒకే వీడియో తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, తేదీ, సమయం, ఊరు, మీ పేరు గొంతుతో చెప్పండి. రోడ్డు మీద నుంచి నడుస్తూ శవం ఉన్న చోటికి రండి. దారి, చుట్టూ ఉన్న ఇళ్లు, కరెంటు స్తంభం, చెట్టు కనపడాలి. పల్లెల్లో జీపీఎస్ కొన్ని మీటర్లు తేడా చూపించవచ్చు. అప్పుడు ఈ గుర్తులే చోటును పట్టిస్తాయి.

తర్వాత ఫొటోలు తీయండి. ముందు దూరం నుంచి నాలుగు వైపులా, తర్వాత మధ్య దూరం నుంచి, చివరికి దగ్గర నుంచి. పాదముద్ర, ఈడ్చిన జాడ ఉంటే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. ఉరి అని చెబుతుంటే కాళ్లకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉంది, ఎక్కడానికి ఏదైనా ఉందా అన్నది కనపడాలి. బావి అయితే గట్టు ఎత్తు, చెప్పులు ఎక్కడున్నాయో తీయండి.

సెప్టిక్ ట్యాంకు మరణమైతే మూత, తాడు, బకెట్ తీయండి. మాస్క్, ఆక్సిజన్, యంత్రం అక్కడ లేకపోతే లేవన్న సంగతి కూడా తెలిసేలా తీయండి. భవనం బోర్డు తీయండి. పనికి ఎవరు పిలిచారో చెప్పే కాల్స్, డబ్బు చెల్లింపు మెసేజీలు మృతుడి ఫోన్‌లో ఉంటాయి. ఆ ఫోన్ పోకుండా చూడమని కుటుంబానికి చెప్పండి. ఇది పరిహారానికీ ముఖ్యం. ఇలాంటి మరణాలకు కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పనికి తాము పిలవలేదని యజమాని, కాంట్రాక్టరు తప్పుకోవాలని చూసేది ఇక్కడే.

దగ్గర్లో సీసీ కెమెరాలుంటే ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటో తీసుకోండి. వాటిలో పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంది. కాబట్టి ఫుటేజీ భద్రపరచమని అదే రోజు పోలీసులకు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

కేసు పేరే తలుపు

అనుమానాస్పద మరణమైతే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 194 కింద పోలీసులు శవ పంచనామా చేస్తారు. చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది పెద్దమనుషుల సమక్షంలో గాయాలు, మరణానికి కనిపించే కారణం రాయాలి. నివేదికను 24 గంటల్లో మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ ఇద్దరు ఎవరి మనుషులన్నది చాలాసార్లు అసలు ప్రశ్న.

7 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే సెక్షన్ 176(3) ప్రకారం ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలి. ఆధారాల సేకరణను సెల్‌ఫోన్‌తోనైనా వీడియో తీయాలి. దీని అమలు తేదీ ప్రకటించడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసయితే 1995 నిబంధనల ప్రకారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. చట్టంలోని సెక్షన్ 15ఎ(10) ప్రకారం ఈ నేరాల విచారణ ప్రక్రియలన్నీ వీడియో తీయాలి. సెక్షన్ 15ఎ(12) ప్రకారం బాధితులు, వారి మీద ఆధారపడినవారు సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకోవచ్చు.

అంటే మొదటి గంటల్లో 'ఆత్మహత్య', 'కాలు జారి పడ్డాడు' అని రాసేస్తే ఈ తలుపులన్నీ మూసుకుపోతాయి. మీ వీడియో మొదట పనికొచ్చేది కోర్టులో కాదు, పోలీస్ స్టేషన్‌లో. హత్య, అట్రాసిటీ సెక్షన్లతో ఎఫ్‌ఐఆర్ కట్టమని పట్టుబట్టడానికి అది ఆధారం.

ఫైలును కాపాడడం

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, సమయం, చోటు వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు అలాగే వెళ్తుంది. అసలు ఫైలును కత్తిరించకండి, పేరు రాయకండి, ఫిల్టర్ వేయకండి. అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి, ఆన్‌లైన్ ఖాతాలోకి కాపీ చేయండి. ఎవరు తీశారు, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారు అన్నది నోటుబుక్కులో రాసి పెట్టండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం, కాపీని సాక్ష్యంగా పెట్టేటప్పుడు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం ఫైలు ఇచ్చేవారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైలులో ఏ చిన్న మార్పు చేసినా అది మారిపోతుంది. పోలీసులు ఫోన్ తీసుకుంటే, ఏమేమి తీసుకున్నారో రాసిన స్వాధీన పంచనామా ప్రతి అడగండి.

ఈ శ్రమ ఫలిస్తుందనడానికి కాంగో ఒక ఉదాహరణ. సమయం, చోటు వివరాలను ఫొటోతో పాటే తాళం వేసి దాచే 'ఐవిట్‌నెస్ టు అట్రాసిటీస్' యాప్‌ను ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ 2015లో తెచ్చింది. ఊళ్ల మీద జరిగిన మారణకాండ కేసులో దానితో తీసిన ఫొటోలను 2018లో అక్కడి కోర్టు సాక్ష్యంగా తీసుకుని, ఇద్దరు సాయుధ ముఠా నాయకులను దోషులుగా తేల్చింది.

ఏది పంచకూడదు

శవాన్ని ఫొటో తీసే ముందు కుటుంబంలో ఒకరిని అడగండి. "అమ్మా, కేసు కోసం తీస్తున్నాం, ఎవరికీ పంపం" అని చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. లైంగిక దాడి ఉంటే బాధితురాలి పేరు, ముఖం, ఇల్లు బయటపెట్టడం బీఎన్‌ఎస్ సెక్షన్ 72 కింద నేరం. చనిపోయినవారికీ ఈ రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. సాక్షుల ముఖాలున్న వీడియోలు గ్రూపుల్లో తిరిగితే బెదిరింపులు వాళ్ల ఇళ్లకే వస్తాయి. చూసినవాళ్లను ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడించండి. నలుగురిలో అడిగితే మాటలు కలిసిపోతాయి.

2020 సెప్టెంబరులో హత్రాస్‌లో దళిత యువతి మృతదేహాన్ని పోలీసులు కుటుంబానికి చూపకుండా రాత్రికి రాత్రే కాల్చేసినప్పుడు, లోకానికి ఆ మంట కనిపించింది అక్కడున్న విలేకరుల కెమెరాల వల్లే. ప్రతి ఊరికీ ఆ సమయానికి విలేకరి రాడు. కాబట్టి మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఈ పని ఇప్పుడే నేర్చుకుని ఉండండి. శవ పంచనామా ప్రతి చేతికి రాగానే మీ వీడియో పక్కన పెట్టి చదవండి. రెండింటికీ ఎక్కడ తేడా ఉందో అక్కడి నుంచే మీ న్యాయవాది పని మొదలవుతుంది.