కందిచేలో ఓడిన కందిరీగ

అర మిల్లీమీటరు కూడా ఉండదు ఆ ప్రాణి. పక్కన పెడితే ఆవగింజే దానికి కొండ. కుట్టదు, రొద చెయ్యదు. శనగపచ్చ పురుగు తల్లి ఎక్కడ గుడ్డు పెట్టిందో వెతుక్కుంటూ పోయి, ఆ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. పచ్చపురుగు పుట్టాల్సిన చోట కందిరీగ పుడుతుంది. శాస్త్రం దానికి ట్రైకోగ్రామా అని పేరు పెట్టింది. రైతుకు అది ట్రైకో కార్డు.

దాన్ని తలుచుకుంటే ముందు 1987 గుర్తుకు రావాలి. ఆ ఏడు ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి మీద తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు ఎన్నిసార్లు కొట్టినా పచ్చపురుగు చావలేదు. అప్పటికే మందును అరాయించుకోవడం నేర్చింది. అప్పు మాత్రం పెరిగింది. పురుగును చంపలేని ఆ మందే తాగి రైతులు పోయారు. మందు కాని మందు ఒకటి ఉండాలన్న మాట ఆ చావుల తర్వాతే గట్టిగా వినబడింది.

కార్డు తయారీ చూడ్డానికి వింతగా ఉంటుంది. నలగ్గొట్టిన జొన్నల్లో బియ్యపు చిమ్మటను పెంచుతారు. దాని గుడ్లను అతినీలలోహిత దీపం కింద పెట్టి లోపలి పిండాన్ని చంపుతారు. జిగురు పూసిన అట్టముక్క మీద ఆ గుడ్లు చల్లితే ఒక్క కార్డుకు దాదాపు 20,000 పడతాయి. వాటి మీదికి కందిరీగల్ని వదిలితే మూడు నాలుగు రోజులకు గుడ్లు నల్లబడతాయి. ఇంకో నాలుగు రోజులకు కొత్త ఈగలు బయటికొస్తాయి. అన్నీ కలిపి వారం, ఎనిమిది రోజుల లెక్క.

పచ్చపురుగు ఈ లెక్క చూసుకుని రాదు కదా. అందుకని ఫ్రిజ్. నల్లబడ్డ కార్డును 10 డిగ్రీల దగ్గర పెడితే రెండు మూడు వారాలు ఆగుతుంది. అయితే చలి ఊరికే కాపాడదు, వడ్డీ పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ బయటికొచ్చే ఈగలు తగ్గుతాయి. వచ్చినవాటిలో కొన్నింటికి రెక్కలు సరిగా విచ్చుకోవు. ఆడవి తగ్గుతాయి, ఉన్నవీ గుడ్లు తక్కువ పెడతాయి. కార్డు చూస్తే మాత్రం అదే నలుపు. లోపల ఏం మిగిలిందో పైకి తెలియదు.

ఫ్రిజ్ తలుపు దాటాక ఇంకో గండం. గిద్దలూరు బస్సులో మధ్యాహ్నపు వేడి, పల్లెలో కరెంటు కోత. సంచిలో మరిచిపోయిన కార్డు ఇంట్లోనే చిట్లుతుంది. చేనుకు చేరినా ముక్కలుగా కత్తిరించి, సాయంత్రం పూట, ఆకు అడుగున పిన్ను కొట్టాలి. చీమలు పట్టకుండా చూసుకోవాలి. ముందు వారం, వెనక వారం మందు కొట్టకూడదు. సరే, మనం కొట్టం. గట్టు అవతలివాడి సంగతేమిటి? గాలికి గట్లు తెలియవు.

2002లో బీటీ విత్తనం వచ్చింది. పచ్చపురుగు సంగతి గింజే చూసుకుంటుందన్నారు. పత్తి రైతుకు కార్డుతో పని తప్పినట్టే అనిపించింది.

ఇక మిగిలింది కంది. మార్కాపురం, గిద్దలూరు మెట్టచేలకు కంది ప్రాణం. పచ్చపురుగుకూ అదంటే ప్రాణమే. పేరులోనే కంది ఉన్న ఈగ గెలవాల్సింది ఇక్కడే. ఇక్కడే ఓడింది. దాని ఓటమిలో నాకు బాగా కష్టంగా తోచేది ఇదే. చలిని తట్టుకుని, బస్సును తట్టుకుని, మందు తుంపరను తప్పించుకుని వచ్చినా, కంది కాయ దాన్ని నడవనివ్వదు. కాయ మీద, పూత తొడిమల మీద సన్నటి నూగు ఉంటుంది, జిగురుతో. మన వేలికి తగిలీ తగలని ఆ నూగు దానికి ముళ్ళకంప, జిగురు ఊబి. తల్లి పురుగు గుడ్లు పెట్టేదేమో సరిగ్గా ఆ కాయల మీద, ఆ పూత మీద.

1990ల్లో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ సంగతి లెక్కలతో తేల్చారు. కంది పక్కన జొన్న ఉన్న చేలు కూడా చూశారు. జొన్న కంకుల మీది గుడ్లలో కందిరీగ దండిగా పుట్టింది. పక్కనే ఉన్న కందికి మాత్రం దాటలేదు.