బాలికల్లో అండాశయ మెలిక: శస్త్రచికిత్స చరిత్ర

అండాశయం తనను పట్టి ఉంచే బంధకాల చుట్టూ తిరిగిపోయి రక్తప్రసరణ దెబ్బతినడాన్ని అండాశయ మెలిక అంటారు. ముందుగా నొక్కుకుపోయేవి పలుచని గోడలున్న సిరలు. ధమనుల్లోంచి రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి పోయే దారి మూసుకుపోతుంది. దాంతో అండాశయం వాచి, నీలి నలుపుకు తిరుగుతుంది. పెద్దవారిలో దీనికి ఎక్కువగా తిత్తో కణితో కారణం. బాలికల్లో బంధకం పొడవుగా ఉండటం వల్ల ఏ జబ్బూ లేని అండాశయం కూడా మెలిపడుతుంది. ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పి, వాంతులు మొదలవుతాయి. కుడివైపు వస్తే అపెండిసైటిస్ అని పొరబడటం మామూలే. డాప్లర్ స్కానింగ్‌లో రక్తప్రవాహం కనిపించినంత మాత్రాన మెలిక లేదని చెప్పలేం.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం, నల్లబడిన అండాశయాన్ని మెలిక విప్పకుండానే కోసి తీసేసేవారు. విప్పితే అందులో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీస్తుందన్నది ప్రధాన భయం. నల్లబడ్డదంటే చచ్చిపోయినట్టేనన్న నమ్మకం దానికి తోడైంది. మెలిక విప్పి, తిత్తిని మాత్రమే తీసి, అండాశయాన్ని నిలపవచ్చని బ్రిటన్ వైద్యుడు స్టాన్లీ వే 1946లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. దశాబ్దాలపాటు ఆ మాట పెద్దగా చెవికెక్కలేదు. ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది బాలికలు. ఒక అండాశయం పోయిన బాలికకు రెండోది కూడా మెలిపడి పోతే సంతానయోగ్యతే కాదు, సహజంగా యవ్వనదశకు చేరే అవకాశమూ పోతుంది.

లాపరోస్కోపీ వ్యాప్తితో పరిస్థితి మారింది. 1999లో వెలువడిన ఒక సమీక్ష, ఊపిరితిత్తులకు గడ్డ చేరడం సుమారు 0.2 శాతం కేసుల్లోనే జరిగిందనీ, మెలిక విప్పడం వల్ల ఆ ముప్పు పెరగలేదనీ తేల్చింది. అండాశయానికి రక్తం రెండు దారుల్లో అందుతుంది: ఒకటి నేరుగా బృహద్ధమని నుంచి, రెండోది గర్భాశయ ధమని శాఖ ద్వారా. నల్లగా కనిపించినది కోలుకోవడానికి ఇదొక కారణం. మెలిక విప్పాక ఆపరేషన్ బల్ల మీద రంగు తిరిగి రాకపోయినా, కొన్ని వారాల తర్వాతి స్కానింగ్‌లో ఫాలికిల్స్ (అండాలు ఎదిగే చిన్న సంచులు) ఎదుగుతూ కనిపించిన సందర్భాలు ఎన్నో. అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2019లో కౌమార బాలికల విషయంలో రూపం ఎలా ఉన్నా మెలిక విప్పి అండాశయాన్ని కాపాడాలని సూచించింది.

వాచిన కణజాలంలో తిత్తిని వేరుచేయడం కష్టమైతే, వాపు తగ్గాక మరోసారి పరీక్షించి నిర్ణయిస్తారు. అండాశయాన్ని కుట్లతో కటి గోడకు బిగించే పద్ధతిపై ఏకాభిప్రాయం లేదు. మెలిక పదేపదే పడినప్పుడు, లేదా మిగిలింది ఒక్క అండాశయమే అయినప్పుడు దాన్ని పరిశీలిస్తారు.