మూగగంట మోగింది

మా వీధి చివర జిమ్ములో చేరిన మొదటిరోజున నేనొక యంత్రం మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను. వీపు ఆనించుకోవలసిన దిండును రొమ్ముకు హత్తుకుని, తోకవైపు ముఖం పెట్టి గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా, ఏది పట్టుకోవాలో తెలియక అయిదు నిమిషాలు తడుముకున్నాను. మా అబ్బాయి వయసు కుర్రాడొకడు వచ్చి, వస్తున్న నవ్వును నేలచూపుల్లో దాచుకుంటూ, "ఆంటీ, అటు కాదండీ, ఇటు" అన్నాడు.

నేను నవలలు రాసుకునే మనిషిని. ఇరవై ఏళ్ళుగా కుర్చీకి అంటుకుపోయినందుకు నడుమూ, మోకాళ్ళూ ఏకమై నా మీద సమ్మె కట్టాయి. "నలభై దాటాక కండ తరుగుతుంది, ఎముక పలచబడుతుంది. నడక ఒక్కటే చాలదు, బరువులెత్తండి" అంది డాక్టరమ్మ. ఇంకో మాటైతే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదాన్నే. కానీ అమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో అమ్మ పీట మీద కూర్చుంటే తనంతట తాను లేవలేకపోయేది. చెయ్యిచ్చి లేపమని ఒకటి రెండుసార్లు పిలిచేది. ఎవరూ పలక్కపోతే పిలవడం మానేసి, అక్కడే కూర్చుని ఏదో పని ఉన్నట్టు కొంగు అంచు మడతలు పెట్టుకునేది. ఆ మడతలు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతూనే ఉంటాయి.

అందుకని రెండోరోజూ వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, నవ్వులపాలయ్యేది నేనొక్కదాన్నే కాదు! ఒక పెద్దమనిషి పొడుగాటి ఇనపకడ్డీకి ఒకవైపు బిళ్ళలన్నీ ముందు ఊడదీశాడు. బరువున్న రెండోవైపు ఊరుకుంటుందా? త్రాసులో తక్కెడలా దబ్బున కిందికి దిగింది, తేలికైన కొస గాల్లోకి లేచింది. ఆయన గెంతిన గెంతు చూస్తే వ్యాయామం ఆ పూటకు సరిపోయిందనిపించింది. ఇంకో అబ్బాయి రోజూ చేతులకే కసరత్తు చేస్తాడు. భుజాలు చూస్తే భీముడు, కాళ్ళు చూస్తే అగ్గిపుల్లలు. మరొకావిడ నడకయంత్రాన్ని కొండలా నిటారుగా పెట్టుకుని, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకు వేలాడుతుంది. బరువంతా చేతులు మోస్తుంటే కాళ్ళకు మిగిలేదేముంది? ఇక అద్దం ముందు నిలబడి, ఎత్తిన బరువుకంటే తీసిన ఫోటోలు ఎక్కువైన వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపానికి, నాకు తల కొట్టేసినట్టయినప్పుడల్లా పాత పుస్తకాల్లో దూరడం అలవాటు. దూరి చూస్తే, ఈ జిమ్ములో వింతలు ఇవాళ్టివి కావని తెలిసింది.

అసలు జిమ్నాసియం అనే మాటకు మూలం 'గుమ్నోస్' అనే గ్రీకు మాట. దిసమొల అని అర్థం. ఆ రోజుల్లో గ్రీకు మగపిల్లలు ఒళ్ళంతా నూనె పట్టించుకుని, గుడ్డపీలిక లేకుండా సాము చేసేవారు. అయ్యాక ఆ నూనే, చెమటా, దుమ్మూ కలిసిన జిడ్డును వంపు తిరిగిన లోహపు బద్దతో గీకేసుకునేవారు. ఆ గీకుడు మడ్డిని మందుగా అమ్మేవారని రోమన్ పండితుడు ప్లినీ రాసి పెట్టాడు. మా జిమ్ములో ప్రోటీను పొడి డబ్బాలు అమ్మడం చూసి ముక్కు విరిచిన నేను ఆ సంగతి చదివాక నోరు మూసుకున్నాను.

అక్కడ ఆడవాళ్ళ సంగతేమిటంటారా? ఒలింపిక్ పోటీలు చూడడానికి కూడా పెళ్ళయిన స్త్రీ రాకూడదు. వస్తే కొండమీంచి తోసెయ్యమని శాసనం. కల్లిపటీర అనే ఒక తల్లి కథను పౌసానియస్ అనే యాత్రికుడు చెప్పాడు. భర్త పోయాక కొడుకును పోటీకి తీసుకెళ్ళవలసి వచ్చి, మగ శిక్షకుడి వేషం వేసుకుందిట. కొడుకు గెలిచాడు. తల్లి మనసు ఆగుతుందా? సంబరం పట్టలేక కంచె దూకింది. ఆ దూకడంలో బట్ట తొలగి గుట్టు బయటపడింది. తండ్రీ, అన్నదమ్ములూ, కొడుకూ అందరూ విజేతలే కాబట్టి ప్రాణాలతో వదిలిపెట్టారు. కానీ ఆ తరవాత శిక్షకులు కూడా దిసమొలతోనే రావాలని నియమం పెట్టారు! నేను యంత్రం మీద తిరగబడి కూర్చున్నందుకు పోయింది కాస్త పరువే. నయం కదూ?

ఇక యంత్రాల సంగతి. జనం ఎగబడి ఎక్కే ట్రెడ్‌మిల్ పుట్టింది ఆరోగ్యానికి కాదు, జైలుకు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, ఖైదీలు ఊరికే కూర్చుంటున్నారని, మెట్లున్న పెద్ద చక్రం ఒకటి తయారుచేశాడు. గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి, పైకి చేరేది మాత్రం లేదు. కొన్ని జైళ్ళలో అది ధాన్యం విసిరేది. కొన్నిచోట్ల విసరడానికి ఏమీ ఉండేది కాదు, ఉత్త గాలే. 1895లో శిక్షపడ్డ ఆస్కార్ వైల్డ్ కూడా ఆ మెట్లెక్కినవాడే. 1898 నాటి చట్టంతో బ్రిటన్ ఆ శిక్షకు స్వస్తి చెప్పింది. దొంగలకు కూడా వద్దనుకున్న శిక్షను మనం ఇప్పుడు నెలనెలా రుసుము కట్టి, చెవుల్లో పాటలు పెట్టుకుని మరీ అనుభవిస్తున్నాం.

1912లో మునిగిన టైటానిక్ ఓడలో కూడా జిమ్ముంది. అందులో కరెంటు గుర్రం, కరెంటు ఒంటె! సముద్రం మధ్యలో, సూటూ బూటూ వేసుకుని, కదలని ఒంటె మీద ఊగే దొరలను ఊహించుకోండి. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేళలు వేరుగా ఉండేవి. పోనీలెండి, కొండమీంచి తోసేసే కాలం నుంచి గంటలు పంచుకునే కాలానికైనా వచ్చారు.

మన దగ్గర తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, చెక్క గదలు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఛాతీకి చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచేవారనీ, ఏనుగును రొమ్మునెక్కించుకునేవారనీ మా తాతయ్య కథలు కథలుగా చెప్పేవాడు. 1942లో ఆయన కన్నుమూశారు. ఇక్కడో తమాషా ఉంది. మన పహిల్వాన్లు తిప్పే గదలను చూసి ముచ్చటపడ్డ తెల్ల సైనికాధికారులు వాటిని ఇంగ్లాండుకు పట్టుకెళ్ళారు. అక్కడ 1836లోనే డోనల్డ్ వాకర్ అనే ఆయన ఆడవాళ్ళ వ్యాయామం మీద పుస్తకం రాసి, వాటినే తేలిక చేసి దొరసానుల చేతికిచ్చాడు. మన గద సముద్రం దాటి దొరసాని చేతికందింది కానీ, వీధి దాటి మా అమ్మమ్మ చేతికి అందలేదు. ఆవిడకు రోకలి ఉండనే ఉందిగా అంటారేమో. ఉంది. అలసిపోయినా దించడానికి వీల్లేని బరువది.

ఒలింపిక్సులో ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ పెట్టిందే 2000లో. ఆ ఏడు సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. చివరిసారి బంగారం కోసం 137.5 కిలోలకు సిద్ధపడి ఎత్తలేకపోయింది. లోకమంతా చూస్తుండగా బరువు జారిపోవడం ఆమెకే తప్పలేదంటే, నా రెండు కిలోల మాటెంత?

ఆ రెండు కిలోల డంబెల్ కథ కూడా చెప్పాలి. డంబెల్ అంటే మూగగంట. చర్చి గంటలు కొట్టేవాళ్ళ కసరత్తును, గంట మోగకుండా ఇంట్లో చేసేందుకు పెట్టుకున్న సాధనానికి వచ్చిన పేరట. తన గదిలో అలాంటిదొకటి ఉందని, చప్పుడు చెయ్యదని 1711లోనే వ్యాసరచయిత అడిసన్ మురిసిపోయాడు. నా మూగగంట మాత్రం మూడోరోజు చేతిలోంచి జారి, జిమ్మంతా ఉలిక్కిపడేలా మోగింది. పాట ఆగలేదు కానీ తలలన్నీ తిరిగాయి. ఆ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "కాలిమీద పడలేదు కదాంటీ?" అని మాత్రం అడిగాడు.

ఇది ఆరు నెలల నాటి మాట. మొన్న ఇంట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసి, చెయ్యి ఆనించకుండా లేచాను. మా వారు పేపర్లోంచి తలెత్తనైనా లేదు. నేను మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాను.

నిన్న జిమ్ములో అరవై ఏళ్ళావిడ ఒకరు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, అదే యంత్రం మీద అటు తిరిగి కూర్చున్నారు. దిండును హత్తుకుని దిక్కులు చూస్తున్నారు. కుర్రాడు నేలచూపులు మొదలెట్టే లోపల నేనే వెళ్ళాను.

"అటు కాదు పిన్నిగారూ, ఇటు. నేనూ మొదటిరోజు అలాగే కూర్చున్నాను" అన్నాను.

"ఓసి నీ అసాధ్యం కూలా, నువ్వూనా!" అని ఆవిడ పకపకా నవ్వి, నా భుజం పట్టుకుని ఇటు తిరిగారు.