గూడెం కట్టుబాటు: ఆదిలాబాద్ గోండుల ఊళ్ళ చరిత్ర

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి, తిర్యాణి కొండల నడుమ ఉన్న గోండు గూడేలలో ఇరుగుపొరుగు ఒక్కమాట మీద నిలబడే తీరును గమనించినవారు, తరతరాలుగా ఒకే నేలను అంటిపెట్టుకొని ఉండడమే దానికి కారణమని భావించడం పరిపాటి. ఆ ఊళ్ళ చరిత్ర దీనికి భిన్నంగా సాగింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు గోండుల ఊరు అవసరాన్ని బట్టి చోటు మార్చుకునేది. నేల సారం తగ్గినా, అంటువ్యాధి సోకినా, ఊరి పెద్దతో పొసగకపోయినా కుటుంబాలు గుడిసెలు విప్పుకొని మరో వాగు ఒడ్డుకు తరలిపోయేవి. ఇంత సులువుగా చెదిరిపోగల ఊళ్ళు ఏ బలంతో కలిసి నిలిచాయన్నదీ, కదిలే వీలు పోయిన తరువాత ఆ బలం ఏమైందన్నదీ ఈ ప్రాంత సామాజిక చరిత్రలో ముఖ్యమైన ప్రశ్నలు.

తమను తాము కోయితూర్ అని పిలుచుకునే రాజ్‌గోండులు ఒకప్పుడు చాందా, అంటే నేటి చంద్రాపూర్, కేంద్రంగా సాగిన గోండు రాజ్యానికి చెందినవారు. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల వశమైన తరువాత కూడా ఉట్నూరు వంటి చోట్ల స్థానిక గోండు రాజవంశాల పలుకుబడి చాలాకాలం కొనసాగింది. అప్పట్లో అడవి విస్తారంగా, జనం పలుచగా ఉండడం వల్ల నేల కోసం పోటీ లేదు. కొత్త చోట ఊరు కట్టాలనుకున్నవారికి కావలసింది కలిసి వచ్చే మనుషులే. ఆ మనుషులను కూడగట్టి అడవి నరికించిన వ్యక్తి, లేదా అతని వంశంవాడు, పట్లా, అంటే ఊరి పెద్ద అయ్యేవాడు. ఊరి దేవతలకు పూజలు నిర్వహించే దేవారి అతనికి తోడుగా ఉండేవాడు. ఊరిని కాపాడే దైవమైన ఆకి పేన్‌ను, ఊరి తల్లి అయిన అవ్వల్‌ను ప్రతిష్ఠించిన తరువాతనే ఆ గుడిసెల గుంపు ఊరిగా లెక్కకు వచ్చేది.

ఈ ఏర్పాటులో పట్లాకు గౌరవం ఉన్నా నిరంకుశాధికారం లేదు. తగవులను ఊరి పెద్దలు పంచాయతీగా కూర్చొని తీర్చేవారు. పట్లా పక్షపాతం చూపిస్తే, నచ్చనివారు ఊరు విడిచి బంధువులున్న చోటికి వెళ్ళిపోగలిగేవారు. మనుషులు లేని పట్లాకు ఊరే లేదు గనుక, వెళ్ళిపోయే స్వేచ్ఛే పెద్దరికాన్ని అదుపులో ఉంచే సాధనమైంది. విత్తనం చల్లే ముందు చేసే పూజ, వానకాలంలో పశువులను అడవికి తోలే ముందు జరిపే ఆకాడి, కొత్త ధాన్యం తినే ముందు దేవతకు పెట్టే నైవేద్యం ఊరంతా కలిసి చేయవలసినవే గనుక, సంవత్సరం పొడవునా ఏ కుటుంబమూ మిగిలినవారితో సంబంధం లేకుండా గడిపే వీలు ఉండేది కాదు. గోండులతో పాటు కొలాములు, వంశచరిత్రలను కింగ్రీ అనే తంత్రీవాద్యం మీద గానం చేసే ప్రధానులు, తోటీలు, దేవతా ప్రతిమలను లోహంతో పోతపోసే ఓజాలు ఈ జీవనంలో భాగస్వాములయ్యారు. ప్రధానుల నోటి కథ లేకుండా గోండు వంశానికి తన పుట్టుపూర్వోత్తరాలు తెలిసే మార్గమే లేదు.

ఊరి బంధాన్ని ఊరి పొలిమేర దాటించిన వ్యవస్థ సగ. సగ అంటే పలు ఇంటిపేర్లను కలుపుకొన్న పెద్ద విభాగం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అనే సంఖ్యలతో గుర్తించే నాలుగు సగలలో ఏ సగవారూ తమలో తాము పెళ్ళి చేసుకోరాదన్నది నియమం. అందువల్ల ప్రతి ఇంటికీ పొరుగూళ్ళలో వియ్యాలవారు తప్పనిసరి అయ్యారు. ఈ సంబంధాలు ఏటా దండారి పండుగలో బయటపడతాయి. ఆశ్వయుజ పౌర్ణమి తరువాత మొదలై దీపావళితో ముగిసే ఈ రోజులలో, నెమలి ఈకల టోపీలు ధరించి, ఒంటికి బూడిద పూసుకున్న గుసాడీలతో సహా ఒక గూడెం దండారి బృందం మరో గూడేనికి విడిదికి వెళుతుంది; ఆ గూడెం వారు ఎదురేగి కాళ్ళు కడిగి, భోజనం పెట్టి, ఆటపాటలతో రాత్రి గడిపిన తరువాత సాగనంపుతారు. ఏటా ఇలా ఒకరి వాకిట మరొకరు అతిథులుగా నిలవడం వల్ల ఊళ్ళ మధ్య పరిచయం తెగిపోకుండా నిలిచింది.

ఈ జీవనానికి ఆధారమైన స్వేచ్ఛ నిజాం పాలనలో అడవులను రిజర్వు చేయడంతో క్రమంగా అంతరించింది. రిజర్వు అంటే సాగుకూ నివాసానికీ తావు లేకుండా ప్రభుత్వం గిరిగీసిన అడవి. ఆ గీత లోపల పడిన గూడేలను ఖాళీ చేయించడం, పోడు చేసుకున్నవారికి జరిమానాలు వేయడం మామూలైంది. అదే కాలంలో మైదానాల నుంచి వచ్చిన భూస్వాములు, వ్యాపారులు సాగులో ఉన్న భూములకు తమ పేరిట పట్టాలు రాయించుకున్నారు; ఏటా పన్ను కడుతున్నా పట్టా లేని గోండు రైతులు కౌలుదారులుగానో పాలేర్లుగానో మారారు. బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో కుమ్రం భీం నాయకత్వాన సాగి, 1940లో ఆయన పోలీసు కాల్పుల్లో మరణించడంతో అణగారిన తిరుగుబాటు ఈ పరిస్థితుల ఫలితమే. పన్నెండు గూడేలు కలిసి తమ అడవిని తామే ఏలుకోవాలన్న ఆ కోరిక వెనుక పాత ఊరి కట్టుబాటు జ్ఞాపకం స్పష్టంగా ఉంది.

ఆ తరువాత నిజాం ప్రభుత్వ ప్రోత్సాహంతో గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూరు సమీపంలోని మార్లవాయిని నివాసంగా ఎంచుకొని, ఊరివారి ఇళ్ళ వంటి గుడిసెలోనే ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి మరాఠీ ఆ ప్రాంతపు వ్యవహార భాషగా ఉన్నందున గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో ముద్రించారు. పిల్లలకు వారి భాషలోనే, వారి తెగవాడే చదువు చెప్పడం ఆ కాలానికి అరుదైన ప్రయోగం. 1945లో హైమన్‌డార్ఫ్ ప్రభుత్వ సలహాదారుగా నియమితులయ్యారు. ఆ దశాబ్దంలోనే వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు అందాయి, గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఊరు కదిలే వీలు పోయినచోట, ఉన్న నేల మీద హక్కు కల్పించడమే ఊరిని నిలబెట్టే మార్గమని ఈ చర్యలు గుర్తించాయి.

ఊళ్ళ కలయికకు అతి పెద్ద వేదిక ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర. మెస్రం కుటుంబాలవారు కాలినడకన వెళ్ళి జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెచ్చి దైవాన్ని అభిషేకిస్తారు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు తయారు చేస్తారు. కొత్త కోడళ్ళను దైవానికీ వంశపెద్దలకూ పరిచయం చేసే తంతును భేటింగ్ అంటారు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట ఇరవై రెండు పొయ్యిల మీదనే, వంతులవారీగా చేసుకోవాలన్న నియమం అక్కడి కట్టుబాటుకు ప్రత్యక్ష నిదర్శనం. 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో ఈ జాతరలో మొదలైన దర్బారు, అధికారులు గిరిజనుల గోడును వారి చోటికే వచ్చి వినే సభగా నేటికీ జరుగుతోంది.

అయినా హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన నేల నిలవలేదు. తరువాతి దశాబ్దాలలో వలసలు పెరిగి, భూములు మళ్ళీ గిరిజనేతరుల చేతుల్లోకి జారాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేసి, 1970లో మరింత కఠినం చేసినా అమలు బలహీనంగానే సాగింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గిరిజనుల మీద పోలీసులు జరిపిన కాల్పుల వెనుక ఉన్నది ఈ భూసమస్యే.

ఇంత ఒడుదొడుకుల నడుమ కూడా గూడేల సంప్రదాయం తెగిపోలేదు. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె సమాధి పక్కనే ఉంచారు. బయటి దేశం నుంచి వచ్చిన దంపతులకు తమ ఊరి వారితో సమానంగా చోటిచ్చి, ఏటా వర్ధంతి జరపడం ఆ ఊరి స్వభావాన్ని తెలుపుతుంది. అదే ఊరి గుసాడీ నృత్యకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు; ఆయన 2024లో మరణించారు.

ఇరుగుపొరుగు ఐక్యత ఒక జాతికి సహజసిద్ధంగా అబ్బే గుణం కాదని ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది. జవాబుదారీ అయిన పెద్దరికం, అందరూ పాలుపంచుకోక తప్పని పండుగలు, పొరుగూరితో రాకపోకలు, కాళ్ళ కింది నేల మీద భరోసా ఉన్నంతకాలం గూడెం నిలిచింది. వీటిలో మొదటి మూడింటినీ గోండులు తమంతట తామే కాపాడుకున్నారు; నాలుగోదైన భూమి భరోసాను కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అది నేటికీ పూర్తిగా నెరవేరలేదు.