కేకల కంటే ముందు

బీటిల్స్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చే దృశ్యం ఒకటే. ఏడుస్తూ, జుట్టు పీక్కుంటూ, గొంతు చించుకుని అరుస్తున్న ఆడపిల్లలు. వేదిక మీది నలుగురు కుర్రాళ్ళకీ పేర్లున్నాయి. ఆ పిల్లలకి లేవు. ఆ పాత నలుపు తెలుపు ఫిల్ము ముక్కలు ఎన్నిసార్లు చూశానో! చూసిన ప్రతిసారీ నవ్వుకున్నాను కూడా. ఈ మధ్యే ఒక సందేహం పట్టుకుంది. వీళ్ళు అరవడం ఎప్పుడు మొదలుపెట్టారు? అంతకు ముందు ఏం చేసేవారు?

జవాబు కోసం వెతుకుతూ ఆనాటి అభిమానులు ముసలితనంలో చెప్పుకున్న జ్ఞాపకాల్లోకి వెళ్ళాను. అవి నన్ను లివర్‌పూల్‌లో మాథ్యూ స్ట్రీట్ అనే ఇరుకు వీధికి తీసుకెళ్ళాయి. గోదాముల మధ్య పద్దెనిమిది మెట్లు దిగితే ఒక నేలమాళిగ. యుద్ధకాలంలో బాంబుల నుంచి జనం తలదాచుకున్న చోటు. 1957 జనవరిలో అక్కడ జాజ్ సంగీతం కోసం కేవర్న్ క్లబ్ తెరిచారు. 1961 ఫిబ్రవరి 9న బీటిల్స్ అక్కడ మొదటిసారి వాయించారు. 1963 ఆగస్టు 3న చివరిసారి. ఈ రెండున్నరేళ్ళలో 250 సార్లకు పైగా వాయించారు. వాటిలో చాలాభాగం మధ్యాహ్నం భోజన విరామంలో జరిగినవే.

ఈ ‘భోజన విరామం’ అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. విరామం ఉండాలంటే ఉద్యోగం ఉండాలి కదా! అప్పట్లో ఇంగ్లండులో పిల్లలు పదిహేనేళ్ళకే బడి మానెయ్యొచ్చు. లివర్‌పూల్ రేవు పట్టణం. ఓడల కంపెనీలు, బీమా ఆఫీసులు, పెద్ద దుకాణాలు. వాటిలో టైపు కొట్టే, ఫైళ్ళు సర్దే, సరుకు అమ్మే అమ్మాయిలు మధ్యాహ్నం గంట దొరగ్గానే పరుగెత్తుకుని ఆ మెట్లు దిగేవారు. టిక్కెట్టు ఒక షిల్లింగు. సొంత జీతంలోంచి తీసిన షిల్లింగు. లోపల మద్యం లేదు. సూపు, రొట్టె, టీ. గోడల వెంట చెమట నీరై కారేది. ఫినాయిలు, పండ్ల కుళ్ళు, సిగరెట్టు పొగ కలిసిన వాసన బట్టలకు పట్టేసేది. మధ్యాహ్నం ఎక్కడికి వెళ్ళొచ్చారో ఆఫీసులో అందరికీ ముక్కుతోనే తెలిసిపోయేదట.

ఫ్రీడా కెల్లీ అలా వచ్చిన టైపిస్టే. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. వందసార్లకు పైనే వాళ్ళని చూసింది. తరవాత వాళ్ళ అభిమాన సంఘానికి కార్యదర్శి అయి, 1970ల మొదలుదాకా ఆ పని చేసింది. 2013లో వచ్చిన ‘గుడ్ ఓల్ ఫ్రీడా’ అనే డాక్యుమెంటరీలో ఆమె మాట్లాడుతుంటే, ఇతర అభిమానుల జ్ఞాపకాలు చదువుతుంటే, నాకు ఒక్కటే తడుతూ వచ్చింది. ఆ నేలమాళిగలో కేకల్లేవు. పాటకీ పాటకీ మధ్య కబుర్లున్నాయి. ఫలానా పాట పాడమని చీటీలు పంపడం, వాళ్ళు వేళాకోళం చేస్తే తిరిగి జవాబివ్వడం ఉన్నాయి. వేదిక కొద్దిపాటి ఎత్తు, అంతే. విన్నారు. మళ్ళీ మళ్ళీ విన్నారు. ఏ రోజు బాగా పాడారో, ఏ రోజు పాడలేదో చెప్పగలిగినంతగా విన్నారు. వాళ్ళని రసజ్ఞులని ఎవరూ రాయలేదు. 1961 నవంబరు 9న సూటూ టై వేసుకుని ఆ మెట్లు దిగిన బ్రయన్ ఎప్‌స్టీన్ మాత్రం ‘కనిపెట్టినవాడు’ అయ్యాడు. అప్పటికి తొమ్మిది నెలలుగా ఈ పిల్లలు వింటూనే ఉన్నారు!

వాళ్ళు విన్నవి ఎవరి పాటలు? ఆ రోజుల్లో బీటిల్స్ పాడినవాటిలో అమెరికాలోని నల్లజాతి అమ్మాయిల బృందాల పాటలు చాలా ఉండేవి. షిరెల్స్, మార్వెలెట్స్, కుకీస్. 1963 మార్చిలో వచ్చిన మొదటి ఎల్‌పీ రికార్డులో కూడా షిరెల్స్ పాటలు రెండు, కుకీస్ పాట ఒకటి ఉన్నాయి. అందులో ఒకటి అబ్బాయిల గురించి అమ్మాయిలు పాడుకునే పాట. దాన్ని నలుగురు మగపిల్లలు మొహమాటం లేకుండా పాడేశారు. అంటే వేదిక మీద వినిపించిన కోరికలోనూ ఆడవాళ్ళ గొంతు ఉంది, వేదిక కిందా ఆడవాళ్ళే ఉన్నారు. చరిత్రలో మాత్రం మధ్యలోని నలుగురే మిగిలారు.

ఈ జ్ఞాపకాలన్నీ తీపివే అని చెప్పను. 1962 ఆగస్టులో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసినప్పుడు అభిమానులు క్లబ్బులో గొడవ చేశారు. జార్జి హారిసన్ కన్ను వాచింది. ఆగస్టు 22న గ్రనాడా టెలివిజన్ వాళ్ళు కేవర్న్‌లో తీసిన ఫిల్ము చివర్లో ‘పీట్ కావాలి’ అన్న కేక ఇప్పటికీ వినబడుతుంది. ఆ మర్నాడే, అంటే 23న, జాన్ లెనన్ గర్భవతి అయిన సింథియాని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. ఆ సాయంత్రం చెస్టర్‌లో కచేరీకి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన సంగతి అభిమానులకి తెలియకూడదని నెలల తరబడి ఆమెని దాచిపెట్టారు. చిత్రకళ చదువుకున్న అమ్మాయి, తన పెళ్ళి తనే చెప్పుకోలేని భార్య అయింది. కేవర్న్ అమ్మాయిల స్వేచ్ఛని తల్చుకుని మురిసిపోతున్నప్పుడల్లా ఈ సింథియా నాకు అడ్డొస్తుంది. ఒకరి కలని కాపాడ్డానికి ఇంకొకరిని మాయం చెయ్యడం మగ వ్యాపారానికి కొత్త కాదు.

తరవాత బృందం ఊరు దాటింది. హాళ్ళు పెద్దవయ్యాయి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో 55 వేలమందికి పైగా జనం. మైకులు చాలలేదు. వినబడనప్పుడు వినేదేముంది? అరిచారు. 1964 ఫిబ్రవరిలోనే పాల్ జాన్సన్ అనే రచయిత ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రికలో ఆ అభిమానులని మందబుద్ధులుగా, తమ తరంలో ఓడిపోయినవాళ్ళుగా తీసిపారేశాడు. దానికి గట్టి జవాబు రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. 1986లో బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ కలిసి రాసిన ‘రీమేకింగ్ లవ్’ పుస్తకంలో, అణకువగా ఉండమన్న సమాజం మీద ఆడపిల్లలు గుంపుగా చేసిన తిరుగుబాటే ఆ కేక అన్నారు.

ఆ మాట చదివినప్పుడు మా ఊరి సినిమాహాలు గుర్తొచ్చింది. మొదటి ఆటకి ఈలలు, చించిన కాగితాలు, తెరముందు గంతులు, అన్నీ మగవాళ్ళవే. ఒకసారి పక్కింటి తమ్ముడి దగ్గర నేర్చుకుని ఇంట్లో ఈలేస్తే, “ఆడపిల్లవి, ఈలేమిటే?” అని బామ్మ నెత్తిన మొట్టింది. కాబట్టి అరవడం చిన్న సంగతేం కాదని నాకు తెలుసు. అయినా కేక ఒక్కటే మిగిల్చుకుంటే కేవర్న్ అమ్మాయిలు మళ్ళీ జారిపోతారు. వాళ్ళు అరవలేదు, విన్నారు. వినడం తిరుగుబాటులా కనపడదు. అందుకే ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

విన్నందుకు ఏం జరిగింది? మేరీ మెక్‌గ్లోరీ కేవర్న్‌లో వాళ్ళని చూసి, మనమూ ఇలా చెయ్యొచ్చనుకుంది. 1963లో నలుగురు అమ్మాయిలు ‘లివర్‌బర్డ్స్’ అనే బ్యాండు పెట్టారు. అమ్మాయిలకి గిటార్లేమిటని లెనన్ ఎగతాళి చేశాడని వాళ్ళు చెప్పారు. 1964లో హాంబర్గ్ వెళ్ళి అక్కడ పేరు తెచ్చుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 11న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడదీసి కూచోబెడితే పాడమని బీటిల్స్ పట్టుబట్టారు. ఆ కచేరీకి వెళ్ళిన నల్లజాతి అమ్మాయి కిట్టీ ఆలివర్ తరవాత చరిత్రకారిణి అయింది. తెల్లవాళ్ళ మధ్య కూచుని, అందరితో పాటు గొంతెత్తి పాడిన ఆ సాయంత్రం గురించి 2016లో వచ్చిన ‘ఎయిట్ డేస్ ఎ వీక్’ డాక్యుమెంటరీలో ఆమె చెప్పింది. ఒక అభిమాని జ్ఞాపకం ఒక దేశపు చరిత్రకి సాక్ష్యంగా నిలబడింది.

జ్ఞాపకం తప్పులు చేస్తుంది. తేదీలు కలిపేస్తుంది, వెళ్ళని కచేరీకి కూడా వెళ్ళానంటుంది. నిజమే. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల మాటలు మనం ఎలా చదివాం? తేదీల కోసమా? పోరాట అనుభవం, దాని తరవాత ఇంట్లో, పార్టీలో ఎదురైన నిరాశ వాళ్ళ నోట వినడానికే కదా! పోరాటానికీ పాటల కచేరీకీ పోలికేమిటని ఎవరైనా అనొచ్చు. పోలిక అడిగే పద్ధతిలో ఉంది. ‘నాయకుడు ఏం చేశాడు?’ అని కాకుండా ‘నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు?’ అని ఆడమనిషిని అడగడంలో ఉంది.

1973లో పాత కేవర్న్‌ని మూసి పడగొట్టేశారు. భూగర్భ రైలుకి గాలిగొట్టం కట్టాలన్నారు. ఆ గొట్టం కట్టనేలేదు. ఇప్పుడున్నది 1984లో తిరిగి కట్టింది. ఫ్రీడా మాత్రం తన దగ్గరున్న వస్తువుల్లో చాలావరకూ అమ్ముకోకుండా అభిమానులకే పంచేసింది. అభిమాన సంఘంలో పనిచేస్తున్నప్పుడు, పాల్ జుట్టని చెప్పి తన జుట్టు కత్తిరించి పంపబోయిన సహాయకురాలిని పనిలోంచి తీసేసిందట. జుట్టుముక్క కోసం రాసిన ఎక్కడో ఉన్న అమ్మాయిని మోసం చెయ్యకూడదు, అంతే. ఆ అమ్మాయిలంతా ఆమెకి పేరూ చిరునామా ఉన్న మనుషులు.