తలకింతా, ఎకరాకింతా?

కారులో వేల్స్ వైపో స్కాట్లాండ్ వైపో వెళ్తుంటే కొండవాలులో దూడలతో మేసే ఆవులు కనిపిస్తాయి కదా, వాటి పాలు మన ఫ్రిజ్‌లోకి రావు. దూడలే తాగుతాయి. ఆ దూడల్ని మాంసానికి పెంచుతారు. మనలో అది ముట్టని వాళ్ళు చాలామంది ఉన్నారు, అయినా వినండి. నేను చెప్పబోయేది సర్కారు సొమ్ము ఎవరి చేతికి వెళ్ళిందన్న కథ.

1980లలో ధర పడిపోకుండా యూరప్ ప్రభుత్వాలు మాంసం కొని శీతల గిడ్డంగులు నింపాయి. గుట్టలు పేరుకుపోయాయి. 1992లో వ్యవసాయ కమిషనర్ రే మెక్‌షారీ, ఐర్లండ్ మనిషి, మద్దతు ధర 15 శాతం తగ్గించి, బదులుగా పశువుకింత అని రైతుకే నేరుగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. మరి అందరూ మందలు పెంచేస్తే? అందుకే 1993 నుంచి ఒక్కో రైతుకి ఇన్ని తల్లి ఆవులని కోటా. అంతకు మించి పెంచుకోవచ్చు, ప్రీమియం మాత్రం రాదు.

నాకు ఆసక్తి కలిగించింది ఇదీ. 1984 నాటి పాల కోటా భూమిని అంటిపెట్టుకుని ఉండేది. ఈ కోటా మాత్రం మందను మేపే మనిషిది. కౌలుదారైనా సరే అతనిదే. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు. భూమి లేకుండా కోటా ఒక్కటే అమ్మితే 15 శాతం దాకా జాతీయ నిల్వకి వదులుకోవాలి. కొత్తగా మంద పెట్టే కుర్రాడికి మాత్రం చిక్కే: ఆవుల్ని కొనాలి, నిల్వలోంచి దొరక్కపోతే ఆ హక్కునీ కొనాలి. మన పాత పర్మిట్ల రాజ్యం గుర్తుకు రావట్లేదూ?

తర్వాత 1996లో పిచ్చి ఆవు జబ్బు గొడవ, 2001లో గాలికుంటు. చివరికి 2003 సంస్కరణతో, 2005 నుంచి ఇక్కడ ఆవుల కోటా రద్దయింది. ఇంగ్లండులో మొదట కొంత పాత క్లెయిముల్ని బట్టి, కొంత భూమిని బట్టి ఇచ్చి, 2012కల్లా పూర్తిగా భూమి లెక్కకి మార్చారు. ఒక్క ఆవూ లేకపోయినా డబ్బొచ్చింది.

ఇది మనకి కొత్తేం కాదు. 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారుకే ఇచ్చింది. దున్నిన కౌలు రైతుకి రాలేదు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి విదేశాల్లో ఉంటున్న వాళ్ళ ఖాతాల్లో మాత్రం పడింది. నిజం చెప్పాలంటే, దీని గురించి మన విందుల్లో ఎవరూ మాట్లాడరు.

స్కాట్లాండ్ మాత్రం దూడకింత అని ఇవ్వడం పూర్తిగా మానలేదు. 2025 నుంచి కొత్త షరతు పెట్టింది: తల్లి ఆవుకి ఈతకీ ఈతకీ మధ్య 410 రోజులు మించకూడదు, మించితే కనీసం అంతకు ముందుకన్నా ఎక్కువ కాకూడదు.